పదిహేనేళ్ల బాస్కెట్‌బాల్ ఆటగాడికి వే ప్రోటీన్ కొనాలా?

మీవాడికి పదిహేనేళ్లు, 55 కిలోలు, సాయంత్రాలు ప్రాక్టీస్, టీమ్‌లో అందరూ తాగుతున్నారని వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) డబ్బా అడుగుతున్నాడు, కొనాలా అని అడిగారు. నా మాటైతే వద్దు. సికింద్రాబాద్‌లో చాలాకాలం ఆడి, ఇప్పుడు వారాంతాల్లో పిల్లలకు నేర్పిస్తున్నాను. ప్రోటీన్ గురించి అడిగితే ఈ పిల్లలు గడగడా చెప్పేస్తారు. ‘పొద్దున్నుంచి ఏం తిన్నావురా?’ అంటే నేల చూపులే.

ఆటగాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 2 గ్రాముల ప్రోటీన్ చాలంటారు. మీవాడికి 66 నుంచి 110 గ్రాములు. రెండు గుడ్లలో 12, రెండు గ్లాసుల పాలలో మరో 12, రెండు పూటలా పప్పు, గుప్పెడు పల్లీలు కలిపి 20, అన్నం, టిఫిన్లలో ఇంకో 20 దాకా వస్తాయి. కనీసం కావలసిన 66 దాదాపు ఇంట్లోనే అయిపోయింది. చికెన్ వండిన రోజు 100 గ్రాముల ముక్కలకు 25 అదనం. కండల కోసం ప్రోటీన్ పొడులు వద్దని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లోనూ ఉంది.

నేను చూసిన అసలు లోటు అన్నం దగ్గర. రీల్స్ చూసి ‘కార్బ్స్’, అంటే పిండిపదార్థాలు, మానేస్తారు. ఈ ఆటలో పరుగు, ఆగడం, ఎగరడం, మళ్లీ పరుగు. దానికి కావలసిన గ్లైకోజెన్ అనే ఇంధనం కండరాల్లో చేరేది పిండిపదార్థాల నుంచే. నాలుగో క్వార్టర్‌లో షాట్ రింగు దాకా వెళ్లకపోతే స్టామినా లేదని కోచ్‌లు ఇంకో నాలుగు రౌండ్లు పరిగెత్తిస్తారు. పాపం, వాడు తిన్నది పన్నెండున్నరకి సగం లంచ్‌బాక్స్! ప్రాక్టీస్‌కి గంట ముందు రెండు అరటిపళ్లో, రెండు ఇడ్లీలో పెట్టండి. మిర్చి బజ్జీ మాత్రం వద్దు, ఆ నూనె అరగక పరిగెత్తేటప్పుడు గొంతులోకి వస్తుంది. ఆట అయ్యాక ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లతో ఆకలి చంపుకోకుండా ఇంటికొచ్చి కడుపునిండా తినాలి.

నీళ్ల సంగతి. ప్రాక్టీస్‌కి ముందు, తర్వాత బరువు చూడండి. కిలో తగ్గితే సుమారు లీటరు నీరు పోయినట్టే. అంతకు మించి తగ్గుతుంటే మధ్యలో సరిగా తాగడం లేదన్నమాట. గంటా గంటన్నర ఆటకు మామూలు నీళ్లు, ఇంటికొచ్చాక ఉప్పేసిన మజ్జిగ చాలు. ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తియ్యటి డబ్బాలు మన పిల్లలు తెగ తాగేవారు. మన ఊరి పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబర్‌లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పింది. అసలైన ఓఆర్‌ఎస్‌కి డబ్ల్యూహెచ్‌ఓ ఇచ్చిన ఫార్ములాలో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. అది కూడా విరేచనాలప్పటి మందు, ఆటలో తాగే డ్రింకు కాదు. కెఫీన్ ఉన్న ఎనర్జీ డ్రింకుల జోలికి అసలు పోనివ్వకండి.

మీ ఇంట్లో గుడ్డు తినకపోతే పాలు, పెరుగు, పనీర్, సోయా పెంచండి. తిండి బాగున్నా నెలల తరబడి నీరసంగా ఉంటే డాక్టర్‌కి చూపించి హిమోగ్లోబిన్, బీ12, విటమిన్ డీ పరీక్షలు అవసరమేమో అడగండి. డబ్బా డబ్బులు అక్కడ పెట్టడం మేలు.