పాత చెస్ ఆటగాడి చరిత్ర తవ్వుతున్న మా అమ్మాయికి ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి చరిత్ర ప్రధాన సబ్జెక్టుగా డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. చెస్ బాగానే ఆడుతుంది, పోటీల్లో మాత్రం పెద్దగా రాణించలేదు. కొన్ని నెలలుగా 1930ల్లో ఆడిన ఒక అమెచ్యూర్ ఆటగాడి గురించి పాత పత్రికలు వెతుకుతోంది. ఆయన పేరు ఇప్పుడు ఎవరికీ తెలియదు. పీజీ ఎంట్రన్స్‌కి చదవమంటే ‘నా పని ఇదే’ అంటోంది. ఇందులో కెరీర్ ఉంటుందా? మాన్పించాలా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: మాన్పించకండి. అలాగని ‘నా పని ఇదే’ అన్న మాటకు వెంటనే సరేననకండి.

చెస్ చరిత్ర రాసేవాళ్లకు నెలనెలా జీతమిచ్చే ఉద్యోగం దాదాపు లేదు. ఈ రంగంలో అందరూ గౌరవించే పేర్లు చూడండి. చదరంగం పుట్టుక మీద, అది దేశాలు దాటిన తీరు మీద 1913లో వచ్చిన పెద్ద గ్రంథం హెచ్.జె.ఆర్. ముర్రేది. ఆయన స్కూళ్ల ఇన్‌స్పెక్టర్. చెస్ పుస్తకాల భారీ సేకరణ ఒకటి అమెరికాలోని క్లీవ్‌లాండ్ పబ్లిక్ లైబ్రరీలో ఉంది. దాన్ని జీవితమంతా కూడబెట్టి లైబ్రరీకి వదిలి వెళ్లిన జాన్ జి. వైట్ లాయరు. వేలమంది ఆటగాళ్ల జనన మరణాల వివరాలు ఒక్కచోట చేర్చి 1987లో అచ్చువేసిన జెరెమీ గేజ్ జర్నలిస్టు. ముగ్గురి ఇల్లూ గడిచింది వేరే ఉద్యోగంతోనే. మీ అమ్మాయికీ అలాంటి వేరే ఉద్యోగం ఒకటి కావాలి. అది ఈ పనికి దగ్గరగా ఉండేలా చూసుకోవచ్చు కాబట్టే మాన్పించవద్దంటున్నాను.

ముందు ఆమె నోట్సు ఒకసారి చూపించమని అడగండి. మీకు చెస్ రాకపోయినా ఫర్వాలేదు. ప్రతి వాక్యం పక్కన అది ఏ పత్రికలో, ఏ తేదీన, ఏ పేజీలో దొరికిందో రాసి ఉందా? ఆధారం దొరకని చోట ఖాళీగా వదిలిందా, ఊహతో నింపేసిందా? నా దృష్టిలో అసలు పరీక్ష ఇదే. ఖాళీని ఖాళీగా ఉంచగలిగే పిల్లలు తక్కువ. జీతమిచ్చేవాళ్లు వెతికేది వాళ్ల కోసమే.

ఈ పని బయటికి కనిపించినంత తేలిక కాదు. 19వ శతాబ్దపు పత్రికల్లో గెలిచిన పెద్ద ఆటగాడి పేరు వేసి, ఓడినవాణ్ని ‘అమెచ్యూర్’ అనో ‘ఎన్.ఎన్.’ (పేరు తెలియదని అర్థం) అనో వదిలేసేవారు. 1858లో పారిస్ ఒపేరాలో అమెరికా ఆటగాడు పాల్ మార్ఫీ ఆడిన ఆట ప్రపంచమంతా చెస్ నేర్చుకునేవాళ్లకు తెలుసు. అందులో ఓడినవాళ్లు ఒక డ్యూకు, ఒక కౌంటు కాబట్టి వాళ్ల పేర్లు మిగిలాయి. మామూలు గుమాస్తాకో టీచరుకో ఆ అదృష్టం లేదు. 1930ల నాటికి పేర్లు వేయడం మామూలైంది గానీ, ఇంటిపేరు, ఒక పొడి అక్షరం మాత్రమే ఉంటాయి. ఒకే క్లబ్బులో ఒకే ఇంటిపేరుతో అన్నదమ్ములిద్దరు ఆడి ఉంటే ఏ గెలుపు ఎవరిదో తేల్చడం పెద్ద పని.

వారం వారం వచ్చే చెస్ కాలమ్‌లో ఎత్తుల ప్రాబ్లమ్ ఇచ్చి, సరైన జవాబు పంపినవాళ్ల పేర్లు తర్వాతి వారాల్లో వేసేవారు. అమెచ్యూర్ గురించి వెతికేవాళ్లకు ఆ జాబితాలు నిధి. ఏ నెలలో ఏ ఊళ్లో ఉన్నాడో ఒక్కోసారి అక్కడే దొరుకుతుంది. ఉన్నట్టుండి పేరు కనిపించడం మానేస్తే ఊరు మారాడా, జబ్బు పడ్డాడా, లేక కాలమ్ నడిపే ఎడిటరే మారాడా అన్నది మరో ఆధారం దొరికేదాకా చెప్పకూడదు. ఆస్ట్రేలియా ట్రోవ్, న్యూజిలాండ్ పేపర్స్ పాస్ట్, నెదర్లాండ్స్ డెల్ఫర్, ఫ్రాన్స్ గాలికా, ఆస్ట్రియా ‘అనో’ (ANNO) వంటి డిజిటల్ భాండాగారాల్లో పాత పత్రికలు ఉచితంగానే చదవొచ్చు. అయితే పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది కాబట్టి ఆటగాడి పేరుతో వెతికితే సగం దొరకవు. క్లబ్బు పేరుతో, కాలమ్ శీర్షికతో, ప్రత్యర్థి పేరుతో కూడా వెతకాలి.

ఎత్తులు రాసే పద్ధతి సంగతి వేరే. అప్పటి ఇంగ్లిష్ పత్రికల్లో ఒకే గడికి తెల్లవైపు నుంచి ఒక పేరు, నల్లవైపు నుంచి మరో పేరు. ఇప్పుడు మనం ‘ఈ4’ అని రాసే ఎత్తును అప్పట్లో ‘పి-కె4’ అని రాసేవారు. ప్రపంచ చెస్ సమాఖ్య ఫీడే 1981 నుంచి కొత్త పద్ధతినే గుర్తిస్తోంది. పాత ఆటను కొత్త పద్ధతిలోకి మార్చేటప్పుడు మధ్యలో అసాధ్యమైన ఎత్తు ఒకటి ఎదురవుతుంది. అది అచ్చుతప్పా, ఆటగాడు రాసుకోవడంలో పొరపాటా? ఆట చివరిదాకా ఆడి చూసి, ఏ గుర్రం ఎక్కడి నుంచి కదిలితే మిగతా ఎత్తులన్నీ కుదురుతాయో తేల్చాలి. తను చేసిన సవరణను కూడా విడిగా చూపించాలి. ఆటగాడు ఎంత బలవంతుడని ఎవరైనా అడిగితే చెప్పడానికి రేటింగ్ కూడా లేదు. ఆటగాళ్ల బలాన్ని అంకెల్లో చెప్పే ఆర్పాడ్ ఎలో రేటింగ్ పద్ధతిని ఫీడే 1970లో గానీ తీసుకోలేదు. ఎవరితో ఆడాడు, ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నాడు అని టోర్నమెంట్ పట్టికలు పేర్చి చెప్పాల్సిందే.

అన్నిటికంటే కష్టమైంది మనకు నచ్చిన కథను అనుమానించడం. 1920లో న్యూ ఆర్లీన్స్‌లో ఎడ్విన్ ఆడమ్స్ అనే అమెచ్యూర్ తన శిష్యుడు, తర్వాత పెద్ద ఆటగాడైన మెక్సికన్ కార్లోస్ టోరే మీద గెలిచినట్టు చెప్పే ఆట చాలా ప్రసిద్ధం. అందులో మంత్రిని మళ్లీ మళ్లీ బలి ఇవ్వజూపుతాడు. అయితే తన గురువు పేరు నిలపడానికి టోరేనే దాన్ని కల్పించి ఉండొచ్చన్న అనుమానం చరిత్రకారుల్లో బలంగా ఉంది. బ్రిటిష్ చాంపియన్‌షిప్‌ను 1929, 1932, 1933లలో గెలిచిన సుల్తాన్ ఖాన్ అంతటివాడికే పుట్టిన సంవత్సరం ఒకచోట 1903 అని, మరోచోట 1905 అని కనిపిస్తుంది. ఇక ఎవరికీ తెలియని మనిషి విషయంలో ఎంత జాగ్రత్త కావాలో ఆలోచించండి.

ఇంట్లో ఎవరైనా ‘అమెచ్యూర్ గురించి ఎందుకమ్మా’ అంటుంటే ఒక మాట చెప్పండి. వేరే వృత్తిలో బతుకుతూ ఆడేవాడు అమెచ్యూర్. అంతేగానీ ఆట రానివాడు కాదు. 1928లో హేగ్‌లో అమెచ్యూర్ ప్రపంచ టైటిల్ గెలిచిన మాక్స్ యూవే లెక్కల మాస్టారు. 1935లో అప్పటి ప్రపంచ చాంపియన్ అలెఖైన్‌ను ఓడించి అసలు ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

ఇక ఉద్యోగాలు. ఆర్కైవ్స్, లైబ్రరీల్లో అరుదైన పుస్తకాల విభాగాలు, పాత పత్రికలను డిజిటల్ చేసే ప్రాజెక్టులు, ఒక వస్తువు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో తేల్చే మ్యూజియం పనులు, మీడియాలో ఫ్యాక్ట్ చెకింగ్, ప్రచురణ సంస్థల్లో ఎడిటింగ్. వీటన్నిటిలో ఆమె ఇప్పుడు చేస్తున్న పనే వేరే విషయం మీద చేయాలి. దారి మాత్రం పీజీ మీదుగానే వెళ్తుంది. చరిత్రలో ఎం.ఏ. చేసి ఆర్కైవ్స్ కోర్సుకు వెళ్లొచ్చు, లేదా నేరుగా లైబ్రరీ సైన్స్ తీసుకోవచ్చు. రెండోది ఉద్యోగానికి త్వరగా చేరుస్తుంది. పరిశోధన మీద మమకారం నిజమైతే మొదటిదే మేలని నా అభిప్రాయం. వీలైతే జర్మన్ చదవడం నేర్చుకోమనండి. 1846 నుంచి జర్మనీలో చెస్ పత్రికలు నడిచాయి, ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు వాటి జోలికి పోరు.

కాబట్టి ఎంట్రన్స్‌కు చదవడం తప్పనిసరి. పగలు దానికి, రాత్రి ఒక గంట ఈ పనికి. ఆ గంటకూ ఒక హద్దు ఉండాలి. ఇప్పుడే జీవిత చరిత్ర పుస్తకం వద్దు. ఆ ఆటగాడి జీవితంలో ఒక్క టోర్నమెంటో, ఒక్క సంవత్సరమో తీసుకుని మూడు వేల మాటల వ్యాసం పూర్తి చేయమనండి. పట్టికలు, ఆటలు, ప్రతిదానికీ ఆధారం, తేలని ప్రశ్నల జాబితా అందులో ఉండాలి. పీజీ ఇంటర్వ్యూలో ‘నాకు పరిశోధన ఇష్టం’ అని చెప్పే పదిమందిలో ఇలాంటి వ్యాసం బల్లమీద పెట్టే అమ్మాయి వేరుగా కనిపిస్తుంది. ఎన్ని నెలలు గడిచినా పోగుచేయడమే తప్ప ఒక్క పేజీ రాయకపోతే మాత్రం దీన్ని హాబీగానే ఉంచి, కెరీర్ గురించి విడిగా మాట్లాడుకోవడం మంచిది.

ఇందులో ఎంట్రన్స్ అయ్యేదాకా ఆగకూడని పని ఒకటుంది. 1930ల్లో ఆడిన మనిషిని స్వయంగా ఎరిగినవాళ్లు ఇప్పుడు బతికి ఉంటే బాగా పెద్దవాళ్లయి ఉంటారు. పిల్లలో, మనవలో ఉన్నారని తెలిస్తే ఈ నెలలోనే మర్యాదగా ఒక ఉత్తరం రాయమనండి. తను ఎవరు, ఎందుకు అడుగుతోంది, చెప్పిన వివరాలను ఎక్కడ వాడుకుంటుంది అన్నవి అందులో స్పష్టంగా ఉండాలి. స్కోరు పుస్తకాలు (ఆటల ఎత్తులు రాసుకున్న నోట్‌బుక్కులు), ఫొటోలు ఉన్నాయా అని అడగాలి. వాటిని పంపమనకుండా, పారేయకుండా ఉంచమని, ఫోన్‌తో ఫొటో తీసి ఇస్తే చాలని కోరాలి. వద్దంటే అక్కడితో ఆగిపోవాలి.