బాధితుల హక్కుల మీద రాస్తున్న తమ్మికి

తమ్మీ,

నీ వ్యాసం చదివిన. మొదటి వాక్యమే తప్పు. "బాధితులకు రాజ్యాంగం ఎన్నో హక్కులు ఇచ్చింది" అన్నవు. ఏ అధికరణ? 20, 22 అధికరణలు నిందితుడికి, అరెస్టయినవాడికి. బాధితుల పేరుతో అట్లాంటిది ఒక్కటీ లేదు. వాళ్లకున్నది జీవించే హక్కు చెప్పే 21వ అధికరణ నుంచి కోర్టులు తీసిన అర్థం, 39-ఎ చెప్పే ఉచిత న్యాయ సహాయం. మిగతాదంతా మామూలు చట్టం, పార్లమెంటు తలుచుకుంటే రేపు మారుస్తది. నీ వ్యాసం మొదలు కావాల్సింది ఈ లోటు దగ్గర.

మిర్యాలగూడలో ఠాణా మెట్లు దిగొచ్చిన మనిషికి "హక్కుంది" అంటే ఏం పనికొస్తది? ఎట్ల పోవాల్నో ఆ దారి రాసి పెట్టు. కేసు రాసుకోకపోతే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్పీసీ బదులు వచ్చిన క్రిమినల్ విచారణ చట్టం) 173(4) కింద ఫిర్యాదు సారాన్ని పోస్టులో ఎస్పీకి పంపాలె. అక్కడా కదలకపోతే మెజిస్ట్రేటుకు దరఖాస్తు. దానికి అఫిడవిట్, ఎస్పీకి పంపిన రుజువు కావాలె, అవి లేకనే దరఖాస్తు తిరిగొస్తది. స్పీడ్ పోస్టు రసీదు పారెయ్యొద్దని ఒక ముక్క రాయి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం, దర్యాప్తు ఎంతవరకొచ్చిందో 90 రోజుల్లో చెప్పాలె. 2024 జూలై 1 నాటికే నడుస్తున్న కేసులకు మాత్రం పాత సీఆర్పీసీ నంబర్లే.

పరిహారాన్ని "ఎక్స్‌గ్రేషియా" అనకు. అది సర్కారు దయ, ఇది బీఎన్ఎస్ఎస్ 396 కింద హక్కు. తీర్పు దాకా ఆగాల్నని జనం అనుకుంటరు. నేరం చేసినోడు దొరక్కపోయినా జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పెట్టుకోవచ్చు, వాళ్లు రెండు నెలల్లో తేల్చాలె. ఎస్సీ, ఎస్టీ అత్యాచార నిరోధక చట్టం కింద దశలవారీగా వచ్చే సాయం వేరే లెక్క, రెండూ కలిపెయ్యకు.

బాధితులు అప్పీలుకు పోవచ్చని నువ్వు రాసింది సగమే నిజం. నిందితుణ్ణి నిర్దోషని విడుదల చేస్తే, చిన్న నేరం కిందికి దించితే, పరిహారం తక్కువైతే బాధితులు బీఎన్ఎస్ఎస్ 413 కింద పోవచ్చు. 2018లో సుప్రీంకోర్టు, విడుదల మీద పోవడానికి ముందస్తు అనుమతి అక్కర్లేదన్నది. శిక్ష తక్కువైందని మాత్రం పోలేరు.

ఇంకొకటి. లైంగిక నేరంల పేరు మార్చిన అని నిమ్మళంగ ఉండకు. "దేవరకొండ దగ్గరి ఫలానా తండా, ఇంటర్ పిల్ల, తండ్రి ఆటో నడుపుతడు" అని రాస్తే నలభై గడపల తండాల పేరు చెప్పినట్టే. రేప్ కేసుల గుర్తుపట్టే ఏ వివరమైనా బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన శిక్షల చట్టం) 72 కింద నేరం, రెండేళ్ల దాకా జైలు. రెండో పేజీల ఆ మూడు వివరాలూ కొట్టేసి, వ్యాసం మళ్లీ పంపు.

మీ అన్న