ప్రోటాన్ ఎప్పుడు పడిపోతుంది సార్?

ప్రశ్న: నేను కర్నూలులో ఎంఆర్ఐ టెక్నీషియన్‌ని. లోపల ఏం జరుగుతుందని పేషెంట్లు అడిగితే, ‘మీ ఒంట్లో నీళ్లుంటాయి కదా, వాటిలోని ప్రోటాన్లు బొంగరాల్లా తిరుగుతుంటాయి’ అని చెబుతుంటాను. బీఎస్సీ చదివే మా చెల్లెలు మొన్న ‘స్పిన్ అంటే తిరగడం కాదన్నా’ అంది. తిరగనప్పుడు ఆ పేరెందుకు సార్?
- ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చెల్లెలు చెప్పిందే కరెక్టు నాయనా. అయినా నువ్వేం సిగ్గుపడొద్దు. అనంతపురంలో నేనూ ఏళ్ల తరబడి క్లాసులో బొంగరం తిప్పి మరీ ఈ పాఠం చెప్పాను. ఒకసారి వెనక బెంచీ పిల్లాడు లేచి, ‘బొంగరం కాసేపటికి పడిపోతుంది కదా సార్, ఎలక్ట్రాన్ ఎప్పుడు పడిపోతుంది?’ అన్నాడు. సిలబస్‌లో లేదని కూర్చోబెట్టాను. అంత మంచి ప్రశ్న నాకు మళ్లీ ఎవరూ వేయలేదు.

ఆ పేరు 1925 నాటిది. హాలండ్‌లోని లైడెన్‌లో ఉలెన్‌బెక్, గౌడ్‌స్మిత్ అనే ఇద్దరు కుర్రవాళ్లు ఎలక్ట్రాన్ తన చుట్టూ తాను తిరుగుతోందని రాశారు. పేరుమోసిన భౌతిక శాస్త్రవేత్త, పెద్దాయన లోరెంజ్ లెక్క కడితే, దాని అంచు కాంతిని మించిన వేగంతో పోవాల్సి వచ్చింది. పేపర్ వెనక్కి తీసుకుందామని గురువు ఎరెన్‌ఫెస్ట్ దగ్గరికి పోతే, ఆయన అప్పటికే పంపేశాడు. చిన్నవాళ్లు కదా, ఒక తెలివితక్కువ పని చేసినా చెల్లుతుందన్నాడట. బొమ్మ తప్పని తేలింది గానీ పేరు మాత్రం అతుక్కుపోయింది.

ఆ పిల్లాడికి చెప్పాల్సిన జవాబు ఇది: పడిపోదు. ఎలక్ట్రాన్‌కు విద్యుదావేశం (ఛార్జి) ఎలాగో స్పిన్ కూడా అలాగే, పుట్టుకతో వచ్చింది. నీ ప్రోటాన్ సంగతీ అంతే. తగ్గదు, పెరగదు. బొంగరం ఎటైనా వాలుతుంది. దీన్ని ఏ దిక్కున కొలిచినా రెండే జవాబులు, పైకి లేదా కిందికి. ఒక చుట్టు తిప్పితే మొదటికి రాదు, రెండు చుట్లు తిప్పాలి. 1975లో న్యూట్రాన్లతో ప్రయోగం చేసి ఈ సంగతి తేల్చారు.

నమ్మబుద్ధి కాకపోతే అరచేతిలో ప్లేటు పెట్టుకుని, ఒలక్కుండా చంక కిందుగా ఒక చుట్టు తిప్పు. ప్లేటు మొదట్లాగే ఉంటుంది గానీ చెయ్యి మెలిక పడుతుంది. అదే వైపుకి ఇంకో చుట్టు, ఈసారి తల మీదుగా తిప్పితే మెలిక విడిపోతుంది. నేను ఉగ్గాని ప్లేటుతో చేశాను. బొరుగులన్నీ మా ఆవిడ అప్పుడే తుడిచిన వరండాలో పడ్డాయి.

ఇంత చేశాక స్పిన్ అర్థమైందా అంటే, లెక్క అర్థమైంది. కళ్లు మూసుకుంటే మాత్రం ఇప్పటికీ ఏమీ కనపడదు. నా బుర్ర మందమేమో అనుకునేవాణ్ణి. బండిచక్రాలు, బొంగరాలు చూసి పెరిగిన ఊహకు ఆ సరుకు ఎక్కడినుంచి వస్తుంది?

నీ పేషెంట్లకు బొంగరం మాటే చెప్పు, చిన్న మార్పుతో. 1.5 టెస్లా (అయస్కాంతం బలాన్ని కొలిచే లెక్క) మిషన్‌లో పైకి చూసే ప్రోటాన్లు, కిందికి చూసేవి దాదాపు సమానం. పది లక్షల్లో తేడా ఐదు దాకా ఉంటుంది, అంతే. ఆ కాస్త మిగులు అయస్కాంతత్వమంతా కలిసి, సెకనుకు దాదాపు 6.4 కోట్ల సార్లు, వాలిన బొంగరంలా ఊగుతుంది. నీ మిషన్ పట్టుకునేది ఆ ఊపునే. కాబట్టి ఒక్కో ప్రోటాన్ బొంగరం కాదు గానీ, గుంపుగా చూస్తే నీ మాట పూర్తిగా తప్పేం కాదు. ఈ సంగతి చెల్లెలికి కూడా చెప్పు. ఆమె చేతికి ప్లేటిస్తే మాత్రం ఖాళీది ఇవ్వు.