వంగితే కాలి వేళ్లు అందట్లేదు... కండరం బిగిసిందా, కీలు పట్టేసిందా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. కొన్ని నెలలుగా నడుము కింది భాగం పట్టేసినట్టు ఉంటోంది. ముందుకు వంగితే చేతులు మోకాళ్లు దాటి కాస్త కిందికి వచ్చి ఆగిపోతున్నాయి. ఫిజియోథెరపిస్టు వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తి కొలిచి 55 డిగ్రీలు అని రాశారు. హామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాలు) టైట్‌గా ఉన్నాయి, తుంటి కీలు బాగానే ఉంది అన్నారు. రెండు వారాల తర్వాత ఇంకొకరు కొలిస్తే 60 వచ్చింది. ఎవరి కొలత కరెక్టు? కీలు అరిగిందేమో ఎక్స్‌రే తీయించుకోవాలా?
- ఓ పాఠకుడు

డాక్టర్ సలహా: ముందు ఆ అంకెల టెన్షన్ వదిలేయండి. 55, 60 దాదాపు ఒకటే. కోణం కొలిచే గోనియోమీటర్‌తో కొలిచేటప్పుడు దాని మధ్య భాగాన్ని తుంటి పక్కన చేతికి తగిలే ఎముక మీద ఆనించాలి, చర్మం పైనుంచి తడిమి ఆ చోటు పట్టుకోవాలి కాబట్టి ఇద్దరు కొలిస్తే ఐదు డిగ్రీలు అటూ ఇటూ అవడం మామూలే. అలాగని రెండు వారాల్లో ఐదు డిగ్రీలు పెరిగిందని సంబరపడటానికీ లేదు. మార్పు తెలియాలంటే ఒకరే, ఒకే పద్ధతిలో, వ్యాయామానికి ముందే కొలవాలి. 80 డిగ్రీల దాకా లేస్తే బాగుందంటాం గానీ అంతకు చాలా ముందే ఆగిపోయే ఆరోగ్యవంతులు బోలెడు మంది ఉంటారు.

ఎక్స్‌రే లేకుండానే కీలు బాగుందని ఎలా చెప్పేశారనేది కదా మీ అసలు అనుమానం. హామ్‌స్ట్రింగ్స్ కూర్చునే చోట ఉండే ఎముక దగ్గర మొదలై, తొడ వెనకగా దిగి, మోకాలు దాటి అతుక్కుంటాయి. అంటే రెండు కీళ్ల మీదుగా సాగే కండరాలు. మోకాలు మడిస్తే అవి వదులవుతాయి, ఇక తుంటి ఎంత తిరగగలదో అంతా తిరుగుతుంది, తొడ దాదాపు పొట్ట దాకా వస్తుంది. కీలు బాగుందన్నారంటే మీ ఫిజియో ఇది చూసే ఉంటారు. అదే మోకాలు చాపి ఎత్తితే 55 దగ్గరే ఆగింది. రెండుసార్లూ అదే తుంటి కీలు, మారింది మోకాలు ఒక్కటే, కాబట్టి అడ్డుపడేది కీలు కాదని తేలిపోయింది. మోకాలు మడిచినా తొడ రాకపోతే, ముఖ్యంగా తొడను లోపలికి తిప్పినప్పుడు గజ్జల్లో నొప్పి వస్తే, అప్పుడు కీలును అనుమానించి ఎక్స్‌రే తీయిస్తాం. మీకిప్పుడు ఆ అవసరం కనిపించట్లేదు.

ఇంకోటి, అంకెలో రాని సంగతి ఫిజియో చేతికి తెలుస్తుంది. కాలు ఆగే చోట కండరమైతే కాస్త సాగుతూ బిగుస్తుంది, ఎముకకు ఎముక తగిలితే ఠక్కున ఆగుతుంది, ఏ బిగువూ తగలకముందే పేషెంటు నొప్పితో ఆపేస్తే అది వేరే కథ.

అయితే మీ విషయంలో నేను అడిగే టెస్టు ఇంకోటుంది. రోజంతా కూర్చునేవాళ్లలో తుంటి ముందు కండరాలు కూడా బిగుసుకుని ఉండొచ్చు. అవి బిగుసుంటే, ఒక కాలు ఎత్తేటప్పుడు కింద చాపి ఉంచిన రెండో కాలు కటి ఎముకను ముందుకు లాగుతుంది, దాంతో హామ్‌స్ట్రింగ్స్ నిజంగా ఉన్నదానికన్నా పొట్టిగా ఉన్నట్టు కొలత వస్తుంది. దీన్ని థామస్ టెస్ట్‌తో పట్టుకోవచ్చు. బల్ల చివర పడుకుని ఒక మోకాలిని, నడుము బల్లకు ఆనేదాకా ఛాతీ వైపు లాక్కుంటారు, రెండో తొడ బల్లకు ఆనుతుందో, గాల్లో లేచి ఉంటుందో చూస్తారు. లేచి ఉన్న తొడ మోకాలు చాపగానే కిందికి దిగితే, పట్టేసింది తొడ ముందు నుంచి మోకాలి దాకా వెళ్లే కండరమని అర్థం. మీకిది చేశారో లేదో మీ ఉత్తరంలో లేదు, అడగండి.

కాలు ఎత్తినప్పుడు లాగుడు ఎక్కడ తెలిసిందో కూడా గుర్తు తెచ్చుకోండి. తొడ వెనకే అయితే కండరం. మోకాలి కిందికి జివ్వుమని పాకినా, తిమ్మిరి వచ్చినా, పాదాన్ని పైకి వంచినప్పుడో తల ఎత్తినప్పుడో అది పెరిగినా నరం మీద అనుమానం పెట్టుకోవాలి, ఎందుకంటే హామ్‌స్ట్రింగ్స్ చీలమండ దాకానూ వెళ్లవు, మెడ దాకానూ వెళ్లవు. నరం లాగుతుంటే కండరమనుకుని గట్టిగా స్ట్రెచ్ చేయడం మంచిది కాదు, బాధ పెరుగుతుంది.

వంగి వేళ్లు ముట్టుకోవడాన్ని మాత్రం పరీక్షలా పెట్టుకోకండి. అందులో నడుము, తుంటి, నరం, చేతుల పొడవు అన్నీ కలిసిపోతాయి. హామ్‌స్ట్రింగ్స్ టైట్‌గా ఉన్నా నడుము బాగా వంగేవాళ్లకు వేళ్లు అందేస్తాయి.

స్ట్రెచింగ్ సంగతికొస్తే, కుదుపులు లేకుండా 30 సెకన్లు పట్టి ఉంచండి, రెండు నుంచి నాలుగుసార్లు, వారంలో కనీసం రెండు మూడు రోజులు. మొదటి కొన్ని వారాల్లో వచ్చే లాభంలో ఎక్కువ భాగం కండరం పొడవు పెరిగి వచ్చేది కాదు, ఆ లాగుడును శరీరం ఓర్చుకోవడం వల్ల వచ్చేది. మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మధ్యమధ్యలో కుర్చీలోంచి లేవడం కూడా దీంట్లో భాగమే.

పాదం ఎత్తలేకపోవడం, మూత్ర మలాల మీద పట్టు తప్పడం, తొడల మధ్య స్పర్శ పోవడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా స్ట్రెచింగ్ పక్కన పెట్టి అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.