రెండో కథ కూడా అలాగే ఉండాలా అని అడిగిన అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన కథలూ చదివాను. కథల సంగతి చివర్లో రాస్తాను. ముందు నీ ప్రశ్న. మొదటి కథకి మంచి పేరొచ్చింది, పత్రికవాళ్ళు అలాంటిదే ఇంకొకటి అడుగుతున్నారు, నీ మనసేమో వేరే వైపు లాగుతోంది, ఈ టెన్షన్‌లో అసలేదీ రాయలేకపోతున్నానన్నావు. రాత్రిళ్ళు పాటలు వింటూ రాస్తానని కూడా అన్నావు కాబట్టి, దీనికి జవాబు ఒక ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ రికార్డుల్లోంచి చెబుతాను. ఆ బ్యాండ్ పేరు టాక్ టాక్. లండన్ వాళ్ళు. 1982 నుంచి 1991 దాకా ఐదే ఐదు స్టూడియో ఆల్బమ్‌లు చేశారు. వాటిని వరసగా వింటే, ఇప్పుడు నిన్ను నిద్రపోనివ్వని ప్రశ్నతో వాళ్ళు పదేళ్ళు ఎలా వేగారో తెలుస్తుంది.

పాడేది మార్క్ హాలిస్. లీ హారిస్ డ్రమ్స్, పాల్ వెబ్ బేస్ గిటార్, సైమన్ బ్రెన్నర్ కీబోర్డులు. ఈఎంఐ కంపెనీ వీళ్ళని తీసుకున్నప్పుడు, అదే కంపెనీలో డురాన్ డురాన్ అనే బ్యాండ్ మంచి ఊపు మీద ఉంది. ఆ బ్యాండ్ తొలి రికార్డులు చేసిన నిర్మాత కోలిన్ థర్స్‌టన్‌కే వీళ్ళనీ అప్పగించారు. వాళ్ళ కచేరీల్లో వాళ్ళకంటే ముందు వీళ్ళ చేత వాయించారు. చూడు, నీ పత్రికవాళ్ళు అడుగుతున్నదీ అదే కదా: నడుస్తున్నదాని లాంటిది ఇంకొకటి. అలా వచ్చింది 'ద పార్టీస్ ఓవర్', 1982లో. నా మటుకు నాకది బలహీనమైన రికార్డు. కరెంటుతో స్వరాలు పుట్టించే సింథసైజర్లు, గట్టి డ్రమ్స్, ఆ రోజుల ఫ్యాషనంతా ఉంది. కానీ హాలిస్ గొంతు మాత్రం ఆ ఫ్యాషన్‌లో ఇమడలేదు. పళ్ళ మధ్య ఏదో పట్టుకుని వదలనట్టు, బాధని సాగదీసి పాడతాడు. తర్వాత పదేళ్ళలో వాద్యాలు మారాయి, మనుషులు మారారు, కంపెనీ మారింది. ఆ గొంతు మారలేదు.

1984లో రెండో ఆల్బమ్ 'ఇట్స్ మై లైఫ్' వచ్చేనాటికి బ్రెన్నర్ వెళ్ళిపోయాడు, టిమ్ ఫ్రీజ్-గ్రీన్ వచ్చాడు. నిర్మాత అతనే, కీబోర్డులు అతనే, హాలిస్‌తో కలిసి పాటలు కట్టేదీ అతనే. బ్యాండ్ సభ్యుడని మాత్రం ఎక్కడా ప్రకటించలేదు. అక్కడి నుంచి ప్రతి రికార్డూ వీళ్ళిద్దరి మధ్య తయారైందే. నీకూ అలాంటి మనిషి ఒకరు దొరకాలని కోరుకుంటాను. పొగిడేవాళ్ళు ఎటూ వస్తారు. రాస్తున్నప్పుడే పక్కన కూర్చుని 'ఇది నీది కాదు' అనగలిగే మనిషి దొరకడం కష్టం.

ఆ ఆల్బమ్ యూరప్‌లో బాగా ఆడింది. సొంత దేశంలో అంతగా లేదు. టైటిల్ పాట బ్రిటన్‌లో 1984లో ఎవరికీ పట్టలేదు, 1990లో మళ్ళీ విడుదల చేస్తే పెద్ద హిట్టయింది. 2003లో నో డౌట్ అనే అమెరికన్ బ్యాండ్ మళ్ళీ పాడితే ప్రపంచమంతా వింది. పాట అదే. నీ కథ తిరిగొచ్చిన రోజున దీన్ని గుర్తు చేసుకో.

ఇక 1986. 'ద కలర్ ఆఫ్ స్ప్రింగ్'. నీ ప్రశ్నకి అసలు జవాబు ఈ రికార్డులో ఉంది కాబట్టి కాస్త ఆగుతాను.

సింథసైజర్లు తాను ఇష్టపడి వాడలేదనీ, అసలు వాద్యాలూ వాద్యకారులూ ఖర్చుతో కూడిన పని కాబట్టి వాడాననీ హాలిస్ ఇంటర్వ్యూల్లో చెప్పేవాడు. చేతిలో డబ్బు పడగానే ఏం చేశాడు? పియానో, ఆర్గన్, పిల్లల కోరస్, అకూస్టిక్ గిటార్లు తెచ్చాడు. పేరున్న ఇంగ్లిష్ రాక్ గాయకుడు స్టీవ్ విన్‌వుడ్ అంతటివాడు వచ్చి ఆర్గన్ వాయించాడు. పాటలు మాత్రం పాటల్లాగే ఉన్నాయి. పల్లవి ఉంది, పాడుకోవచ్చు, రేడియోలో వేయొచ్చు. 'లైఫ్స్ వాట్ యూ మేక్ ఇట్' పియానో మీద ఎడమచేతి వరుస ఒకటి పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా దాన్నే తిప్పుతుంది, విన్నవాళ్ళు మర్చిపోరు. కానీ అదే ఆల్బమ్‌లో 'ఏప్రిల్ ఫిఫ్త్', 'కమీలియన్ డే' అని రెండు నెమ్మది పాటలున్నాయి. వాటిలో తాళం దాదాపు లేదు. గొంతు, పక్కన ఒకటి రెండు వాద్యాలు, మధ్యలో ఖాళీ. తర్వాత రాబోయే రికార్డులు రెండూ ఆ రెండు పాటల్లో అప్పటికే మొలకెత్తాయి. ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 8వ స్థానానికి వెళ్ళింది. వాళ్ళ స్టూడియో ఆల్బమ్‌లలో అంత పైకి వెళ్ళింది మరొకటి లేదు.

అంటే, మలుపు తిరిగింది ఎదురు తిరిగి కాదమ్మా. జనం కోరుకున్న పాటలు ఇస్తూనే, వాటి మధ్య తనకి కావలసిన రెండు పాటలు పెట్టాడు. నువ్వు కూడా పత్రికకి కథ ఇవ్వు. వాళ్ళడిగిన తరహాలోనే ఇవ్వు. అందులో ఒక్క చోట, నీకింతవరకూ చేతకానిది, చేసి చూడాలని ఆశగా ఉన్నది, ఒక్కటి చెయ్యి. ఆ ఒక్క చోటు నీ తర్వాతి కథకి పునాది అవుతుంది. చాలామంది యువ రచయితలు 'నా దారి నాది' అని తలుపు గట్టిగా వేసేసి, లోపల కూర్చుని ఏమీ రాయరు. నాకది నచ్చదు.

1986 కచేరీల తర్వాత టాక్ టాక్ మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. 1987లో లండన్‌లోని హైబరీ ప్రాంతంలో, ఒకప్పుడు చర్చికి చెందిన భవనంలో నడిచే వెస్సెక్స్ స్టూడియోలో దిగారు. ఇంజనీర్ ఫిల్ బ్రౌన్. హిట్ ఆల్బమ్ ఇచ్చినవాళ్ళు కాబట్టి కంపెనీ డబ్బూ గడువూ ధారాళంగా ఇచ్చింది. గదంతా చీకటి చేసి, గోడల మీద రంగు నూనెల వెలుగులు తిరిగే ప్రొజెక్టర్ ఒకటి పెట్టుకున్నారు. వాద్యకారులు ఒక్కొక్కరే వచ్చేవాళ్ళు. డబుల్ బేస్ డానీ థామ్సన్, వయొలిన్ నైజెల్ కెనెడీ, ట్రంపెట్ హెన్రీ లౌథర్, హార్మోనికా మార్క్ ఫెల్తమ్. చేతికి స్వరాల కాగితం ఇవ్వరు. చీకట్లో వినిపించినదానికి తోచింది వాయించమంటారు. గంటలకొద్దీ వాయించినదాన్ని హాలిస్, ఫ్రీజ్-గ్రీన్ తర్వాత కూర్చుని వినేవాళ్ళు. ఒక చోట నాలుగు స్వరాలు బాగుంటే అవి ఉంచి మిగతాది తీసేసేవాళ్ళు. ఆ నాలుగు స్వరాలూ వాయించిన చోటే ఉండాలని కూడా లేదు, పాటలో ఇంకెక్కడో అతికేవి.

అలా తయారైంది 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్', 1988. ఆరు పాటలు, నలభై నిమిషాలకి కొంచెం పైన. మొదటి పక్క ఉన్న మూడు పాటలూ ఆగకుండా ఒకదాంట్లోకి ఒకటి నడుస్తాయి. మొదట్లో దూరంగా ట్రంపెట్, తీగ వాద్యాలు, ఏమిటో తెలియని చిన్న చప్పుళ్ళు. రెండు నిమిషాలు దాటాక గానీ గిటార్ దిగదు. రాగాలాపన వినే అలవాటున్న చెవికి ఈ నిదానం కొత్తగా అనిపించదు. తాళం రాకముందే సంగీతం మొదలైందని మనకి తెలుసు. మూడో పాట 'డిజైర్'కి వచ్చేసరికి సన్నటి ఆర్గన్ మీద గొంతు గొణుగుతూ ఉంటుంది, ఉన్నట్టుండి డ్రమ్స్, గిటార్ విరుచుకుపడతాయి. మామూలు రాక్ పాటలో అంత చప్పుడు ప్రతి నిమిషమూ ఉంటుంది, మనం పట్టించుకోం. ఇక్కడ మాత్రం ఉలిక్కిపడతాం, ఎందుకంటే అంతకుముందు ఎంతో సేపు మన చెవిని చిన్న చప్పుడు కోసం దగ్గరికి తెచ్చుకున్నాడు. 'ఐ బిలీవ్ ఇన్ యూ' అనే పాట హెరాయిన్ మత్తు నాశనం చేసే జీవితాల గురించి. చెమ్స్‌ఫర్డ్ కెథీడ్రల్ బృందగానం అందులో లేచినప్పుడు, ఎన్నిసార్లు విన్నా, నేను చేస్తున్న పని ఆపేస్తాను.

ఇంకో మాట. ఆ చీకటి గది కథ చాలామందికి తెగ నచ్చుతుంది. కొవ్వొత్తులు వెలిగించుకుంటే అలాంటి సంగీతం వస్తుందనుకుంటారు. దాంట్లో పడకు. రోజుల తరబడి ఆ చీకట్లో పనిచేసిన మనుషులు బాగా నలిగిపోయారు, ఆ సంగతి ఫిల్ బ్రౌన్ తర్వాత దాచుకోకుండా చెప్పాడు. రికార్డుని నిలబెట్టింది దీపాలు కాదు, తీసేసే ధైర్యం. తీసేయాలంటే ముందు ఉండాలి కదా. గొప్ప వాద్యకారులు గంటలు గంటలు వాయించింది చేతిలో ఉంది కాబట్టి నాలుగు స్వరాలు ఎంచుకోగలిగారు. క్లుప్తంగా రాయాలని నువ్వు మొదటి నుంచీ పిసినారితనం చూపిస్తున్నావు. రెండు పేజీలు రాసి దాన్నే 'చెక్కిన' కథ అంటున్నావు. ముందు ఇరవై పేజీలు రాయి, మొహమాటం లేకుండా, పాత్రల చేత అనవసరమైన మాటలు కూడా మాట్లాడించి. ఆ తర్వాత కత్తెర.

కంపెనీకి ఈ రికార్డుతో ఏం చేయాలో తెలియలేదు. ఆల్బమ్ 19వ స్థానం దగ్గర ఆగింది. ఒప్పందం విషయమై కోర్టుల దాకా వెళ్ళి చివరికి బ్యాండ్ బయటపడింది. 1991లో పాత పాటల్ని వాళ్ళ ఇష్టం లేకుండా మార్చి కంపెనీ ఒక సంకలనం వేస్తే, దాని మీదా పోరాడి వెనక్కి తీయించారు. తమ పేరు మీద బయటికి వెళ్ళే ప్రతి చప్పుడుకీ తామే జవాబుదారీ అనుకున్నారు. నేనైతే దీనికి దండం పెడతాను.

అదే ఏడాది వెర్వ్ సంస్థ ద్వారా చివరి ఆల్బమ్ 'లాఫింగ్ స్టాక్' వచ్చింది. అప్పటికి పాల్ వెబ్ వెళ్ళిపోయాడు. స్టూడియో అదే, ఇంజనీర్ అదే, పద్ధతి ఇంకా కఠినం. పిలిచిన వాద్యకారుల్లో చాలామంది వాయించింది రికార్డులో మిగల్లేదు. 'ఆసెన్షన్ డే' అనే పాట పెరిగి పెరిగి హోరెత్తిపోతున్నప్పుడు టేపు తెగినట్టు టక్కున ఆగిపోతుంది. 'ఆఫ్టర్ ద ఫ్లడ్'లో సోలో రావలసిన చోట ఒకే స్వరం చాలా సేపు అరుస్తూ ఉంటుంది, కింద డ్రమ్స్ మాత్రం ఏమీ పట్టనట్టు అదే నడక నడుస్తాయి. ఐదు ఆల్బమ్‌లలో ఒకటి ఎంచుకోమంటే నేను ఇదే అంటాను, కానీ మొదట వినమని ఎవరికీ చెప్పను. ఇది 26వ స్థానం చేరింది. 8, 19, 26. సంగీతం మెరుగైన కొద్దీ స్థానం కిందికి జారింది. ఈ మూల్యం నిజం, నీకు దాచను. నీ రెండో కథని ఇష్టపడ్డవాళ్ళు ఐదో కథ దగ్గర నిన్ను వదిలేయొచ్చు.

ఆ తర్వాత బ్యాండ్ లేదు. 1998లో హాలిస్ తన పేరుతోనే ఒక ఆల్బమ్ చేశాడు, అంతా విద్యుత్తు అక్కర్లేని వాద్యాలతో. ఆ రోజుల్లోనే ఒక ఇంటర్వ్యూలో, రెండు స్వరాలు వాయించే ముందు ఒక స్వరం వాయించడం నేర్చుకోవాలనీ, కారణం లేకపోతే ఆ ఒక్కటీ వాయించకూడదనీ అన్నాడు. తర్వాత సంగీత ప్రపంచం నుంచి తప్పుకుని కుటుంబంతో గడిపాడు. 2019 ఫిబ్రవరిలో పోయాడు, 64 ఏళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం అతని దారి మనకి పనికిరాదు. చివరి రికార్డుల్లో అతను మాటల్ని మింగేస్తాడు. పాట చేతిరాతలో అచ్చేసి ఇస్తే గానీ ఏం పాడాడో తెలియదు. అతనికి చెల్లింది, ఎందుకంటే మాట పోయినా గొంతు ఉంది. మన పాఠకుడి చేతిలో మాట తప్ప ఏమీ లేదు. కాబట్టి ఖాళీ వదులు గానీ వాక్యాన్ని మసక చెయ్యకు. నువ్వు పంపినవాటిలో నాలుగో కథలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో నాకు చివరిదాకా తెలియలేదు. అది లోతు అనుకోకు.

ఇప్పుడు నీ ఇల్లు అమ్మే కథ. రిజిస్ట్రార్ ఆఫీసులో డాక్యుమెంట్ రైటర్ టీ తెప్పించి, మామ్మగారి బొటనవేలు పట్టుకుని సిరా పూసే చోటు అద్భుతంగా ఉంది. ఆ మనిషి 'వేలు బిగబట్టకండమ్మా, ముద్ర చెదురుతుంది' అనడం నువ్వు చూసి రాసినట్టే ఉంది. ఆ వెంటనే ఆవిడ ఎంత బాధపడిందో రెండు పేరాలు రాశావు. ఆ రెండూ తీసెయ్. పెరట్లో కరివేప చెట్టు కోసం ఆవిడ ఏడ్చే ఘట్టమూ తీసెయ్. కొడుకు ఫోన్లో రేటు గురించి మాట్లాడే చోటు మాత్రం పెంచు, వాడు చెడ్డవాడిలా కాకుండా తొందరలో ఉన్నవాడిలా వినిపించాలి. కథంతా ఒకే గొంతుతో బిగ్గరగా చెప్పావు. ఆఫీసు దాకా మామూలు మాటల్తో నడిపిస్తే, ఆ సిరా పూసే చోట పాఠకుడు తనంతట తనే ఆగుతాడు.

వినడం 'ద కలర్ ఆఫ్ స్ప్రింగ్'తో మొదలుపెట్టు. తర్వాత 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' మొదటి మూడు పాటలు మధ్యలో ఆపకుండా విను, ఫోన్ పక్క గదిలో పెట్టి. వింటూ రాయకు, విన్నాక రాయి. పత్రికకి ఇచ్చిన గడువు ఈ నెలాఖరు అన్నావు కదా, ఇల్లు అమ్మే కథే మార్చి వాళ్ళకి పంపు. తీసేసిన పేరాలు ఏవో, ఎందుకు తీసేశావో ఒక కాగితం మీద రాసి ఆ కాగితం మాత్రం నాకు పంపు.

మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు.

ఆశీస్సులతో.