ఓటింగ్ వద్దు, వెనక వరుస వాళ్ళను ముందు మాట్లాడనివ్వండి

మీ చర్చిలో యువత తగ్గిపోతోందనీ, కొత్త పాటలతో రెండో ఆరాధన పెట్టాలని కొందరు, వద్దని కొందరు పట్టుబడుతున్నారనీ రాశారు. సంఘం భవిష్యత్తు అందరం కలిసి ఎలా తేల్చుకోవాలి, ఓటింగ్ పెట్టొచ్చా అని అడిగారు.

పెట్టొద్దండి. ఓటింగ్ పెట్టిన రోజే సంఘం రెండు ప్యానెళ్ళవుతుంది. ఓడినవాళ్ళు మరుసటి ఆదివారం ఇంకో చర్చికి పోతారు, లేదంటే అక్కడే ముఖం ముడుచుకుని కూర్చుంటారు. ఓటుతో బాగుపడిన సంఘాన్ని నేనింతవరకు చూడలేదు.

మాది చిత్తూరు. ఆర్కాట్ మిషన్ కాలం నాటి సంఘం. అమెరికా నుంచి వచ్చిన స్కడ్డర్ కుటుంబం వాళ్ళు 1853లో మొదలుపెట్టిన క్రైస్తవ మిషన్ అది. వేలూరు సీఎంసీ ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డర్ కూడా ఆ ఇంటి బిడ్డే. అందుకేనేమో, మా సంఘంలో నర్సింగ్ చదివిన ఆడపిల్లలు చాలామంది. రోజూ బస్సులో వేలూరికి డ్యూటీకి పోయి వచ్చేవాళ్ళూ ఉన్నారు.

మా దగ్గరా అచ్చం మీ గొడవే. పెద్దవాళ్ళకు తబలా, తాళాలతో పాత కీర్తనలు కావాలి. పిల్లలకు కీబోర్డు, డ్రమ్ ప్యాడ్ కావాలి. (ఆ సౌండ్ బాక్సుల సంగతి కూడా చెప్పాలి. రెండు వందల మంది పట్టని చర్చిలో మైదానానికి సరిపోయే బాక్సులు ఎందుకండీ? పాటలో మాటలే వినబడవు. దేవుడికి చెవుడు లేదు కదా!) వాట్సాప్ గ్రూపులో అన్నదమ్ములు కూడా మాట్లాడుకోవడం మానేసేదాకా పోయింది వ్యవహారం.

కోత పండుగకు అందరూ తెచ్చిన కానుకల వేలం ముగిసిన తర్వాతి ఆదివారం, ఆరాధన కాగానే అందరికీ అక్కడే అన్నం పెట్టి, కాంపౌండ్‌లో వేపచెట్టు కింద చాపలు పరిచి కూర్చోబెట్టారు. మా పాస్టరు అయ్యగారు ఒకటే షరతు పెట్టారు: కమిటీ మెంబర్లు ఆఖరున మాట్లాడాలి, ఏ మీటింగులోనూ నోరు తెరవని వాళ్ళు ముందు మాట్లాడాలి. ట్రెజరర్ గారు లేచి ఏదో అనబోతే, "మీరు తర్వాత అన్నా" అని కూర్చోబెట్టేశారు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. గుండిగలు కడుగుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాం.

చివరికి ఒక నర్సమ్మాయి లేచింది. "అయ్యగారూ, నాకు పాత పాటలంటే కోపం లేదు. నెలలో సగం ఆదివారాలు పొద్దున డ్యూటీ పడతాది. నేనెప్పుడు రావాల? రాకపోతే మాత్రం లోకంలో పడిపోయింది అంటారు" అంది. ఆమె వెనకే ఫ్యాక్టరీలో పనిచేసే అబ్బాయి లేచాడు. నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా చర్చికే వస్తాడట. ప్రసంగంలో కునుకు పడితే పక్కవాళ్ళు చూసే చూపుకి రావడమే మానేశాడు. ఈ ముక్క మాకు ఎవరికీ తెలియదు. ఏడాదిగా మేము పాటల గురించి కొట్టుకుంటున్నాం.

తర్వాత ఒక అవ్వ. కీర్తనల పక్షాన గట్టిగా నిలబడుతుందని అందరూ ఆమె వైపే చూశారు. ఆమె కూర్చున్నచోటి నుంచే అంది: "పాటలు మీకు ఏవి కావాలంటే అవి పాడుకోండి నాయనా. కాళ్ళు రాక ఈస్టర్ నుంచీ నేను ప్రభు భోజనం తీసుకోలా. ఇంటికి తెచ్చిచ్చేవాళ్ళు లేరు. ఈ పొద్దు మనవడు బండి మీద తెచ్చినాడు గాబట్టి వచ్చినా. ఆ సంగతి మాట్లాడండి."

ప్రభు భోజనమంటే ఆరాధనలో అందరం పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. ఆ తర్వాత పాటల మాట ఆ రోజు ఎవరూ ఎత్తలేదు.

బైబిల్లో అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం ఒకసారి చదవండి. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజువారీ వడ్డనలో అన్యాయం జరుగుతోందని సణుగు పుట్టింది. పన్నెండుగురు అపొస్తలులు తామే తీర్పు చెప్పేయలేదు. సంఘాన్నంతా పిలిచారు. ఎన్నుకున్న ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే! అంటే, బాధ పడ్డవాళ్ళ చేతికే పని అప్పగించారని నా నమ్మకం. మేమూ అదే చేశాం. ఆ నర్సమ్మాయి, ఆ అబ్బాయి, ఇంకొందరు కలిసి నెలల తరబడి ఇంటింటికీ తిరిగి అడిగారు, ఉపవాస ప్రార్థనల్లో దేవుని చిత్తం కోసం ఎదురుచూశారు. ఇప్పుడు నెలలో రెండు ఆదివారాలు సాయంత్రం కూడా ఆరాధన ఉంది. ముసలివాళ్ళు చీకటి పడకముందే ఇల్లు చేరాలని ఐదింటికే మొదలు. అయ్యగారు పొద్దున పల్లెల్లో ఆరాధనలు ముగించుకుని వస్తారు కాబట్టి ఆయనకూ కుదిరింది. కీర్తనలూ ఉన్నాయి, కొత్త పాటలూ ఉన్నాయి. నడవలేని వాళ్ళ ఇళ్ళకు ప్రభు భోజనం వెళుతోంది.

ఆలస్యమవుతుందని మీ వాళ్ళు తొందరపెడతారు. వేర్వేరు సంఘాలు కలిసి ఏర్పడిన సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) సంగతి గుర్తు చేయండి. 1919లో తమిళనాడులోని తరంగంబాడిలో మాటలు మొదలైతే, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఐక్యత కుదిరింది. 28 ఏళ్ళు! బిషప్పులు ఉండి తీరాలన్నవాళ్ళు, బిషప్పులే లేని మా ఆర్కాట్ మిషన్ లాంటి వాళ్ళు ఒకే బల్ల దగ్గరికి రావడానికి అంత కాలం పట్టింది. మొదటి నుంచీ దానికోసం పాటుపడ్డ దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945లోనే కన్నుమూశారు. మనకు ఆరు నెలలు ఆగడానికి ఓపిక లేదు.

ఇంకో మాట. 2013లో నంద్యాలలో పుష్పలలిత గారు సీఎస్ఐకి మొదటి మహిళా బిషప్ అయ్యారు. రాయలసీమలోనే జరిగిన సంగతి ఇది. అయినా మన కమిటీల్లో ఆడవాళ్ళు పేరుకి ఇద్దరు. కోత పండుగ వంటలు వాళ్ళవి, నిర్ణయాలు మనవి. ఇది నాకు అస్సలు మింగుడు పడదు.

పాత పెంకుల చర్చి పడగొట్టి స్లాబ్ వేయాలా వద్దా అన్నది మాకు ఇంకా తేలలేదు. దాతల పేర్ల శిలాఫలకం కోసం ఆత్రపడేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను కాస్త ఆపుతున్నాం. మీరు మాత్రం పాటల మీటింగ్ పెట్టే ముందు, మూడు నెలలుగా కనబడని వాళ్ళ జాబితా రాసుకుని వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. కమిటీ మెంబర్లే వెళ్ళాలి, ఫోన్లు కాదు.