స్విమ్మింగ్ పూల్ కట్టించే ముందు దాని నెల ఖర్చు భరించి చూడండి

ప్రశ్న: శంకర్‌పల్లి దగ్గర మాకు సొంత ఇల్లుంది. ఇంటి వెనక ఖాళీ జాగాలో 24 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, సగటున 4 అడుగుల లోతుతో స్విమ్మింగ్ పూల్ కట్టడానికి స్థానిక కాంట్రాక్టరు ఒకాయన 8 లక్షలు చెప్పాడు. జీఎస్టీ వేరేనట. సగం అడ్వాన్సు ఇస్తే వచ్చే వారమే తవ్వకం మొదలుపెడతానంటున్నాడు. మెయింటెనెన్స్ నెలకు 3 వేలు మించదట. మా ఇద్దరి జీతాలు కలిపి 1.5 లక్షలు చేతికొస్తాయి. ఇంటి ఈఎంఐతో సహా ఖర్చు 95 వేలు. ఎఫ్‌డీల్లో 12 లక్షలున్నాయి. అమ్మాయి వచ్చే ఏడాది ఇంజనీరింగ్‌లో చేరుతుంది. బాబుకు ఆరేళ్ళు. ఎఫ్‌డీలు తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: రెండూ వద్దు. ఏడాదిన్నర ఆగండి.

మీ 12 లక్షల్లో ఆరు నెలల ఇంటి ఖర్చు 5.7 లక్షలు ముట్టుకోకూడదు. అమ్మాయి మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ కోసం 3 లక్షలు తీసి పెట్టండి. మిగిలేది 3.3 లక్షలు. పూల్‌కి 18 శాతం జీఎస్టీతో 9.44 లక్షలవుతుంది. కంచె, గేటు, కరెంటు పని కలుపుకుంటే పదిన్నర లక్షలు దాటుతుంది. లోను సంగతి చూద్దాం. 8 లక్షలు 14 శాతం వడ్డీకి ఐదేళ్ళకు తీసుకుంటే ఈఎంఐ 18,600 పైనే పడుతుంది. వడ్డీ కిందే దాదాపు 3.17 లక్షలు పోతాయి. అమ్మాయి చదువుకునే నాలుగేళ్ళూ ఆ భారం మీ మెడ మీదే ఉంటుంది.

నెలకు 3 వేలన్న మాట అస్సలు నమ్మకండి. పూల్ నీటిని ఫిల్టరు గుండా తిప్పే ఒక హెచ్‌పీ మోటారు రోజుకు ఆరు గంటలు తిరిగితే నెలకు 180 యూనిట్ల దాకా కాలుతుంది. ఇంటి వాడకం మీద అది కలిస్తే పై స్లాబులోకి వెళ్తారు కాబట్టి కరెంటుకే 1,400 వేసుకోండి. క్లోరిన్, యాసిడ్ వగైరాలకు 2,500. వారానికి రెండుసార్లు వచ్చి శుభ్రం చేసే మనిషికి 4 వేలు. ఫిల్టరులో ఇసుక మార్చడం, మోటారు వైండింగ్, ఊడిన టైల్స్ లాంటివి ఎప్పుడో ఒకప్పుడు తప్పవు కాబట్టి వాటికి నెలనెలా 2 వేలు. ఇవి నా అంచనాలు. మీ దగ్గర రేట్లు అటూ ఇటూ ఉండొచ్చు గానీ మొత్తం దాదాపు 10 వేలవుతుంది.

నీళ్ళు ఈ లెక్కలో లేవు. మీ పూల్‌లో దాదాపు 32,600 లీటర్లు పడతాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఆరేడు. నడివేసవిలో రోజుకు ఒక సెంటీమీటరు ఆవిరైనా 267 లీటర్లు, నెలకు 8 వేల లీటర్లు. బోరు ఎండితే అవీ కొనాల్సిందే. 2024 మార్చిలో నీటి ఎద్దడి వచ్చినప్పుడు బెంగళూరు జలమండలి ఈత కొలనుల్లో తాగునీటి వాడకాన్నే నిషేధించింది. వేసవిలో మీ బోరు ఎలా ఉంటుందో పక్కింటివాళ్ళను కూడా అడగండి.

అందుకే ఈ నెల నుంచే రెండు ఆర్‌డీలు మొదలుపెట్టండి. ఒకటి 30 వేలది, కట్టడానికి. రెండోది 10 వేలది, పూల్ ఇప్పటికే ఉన్నట్టు అనుకుని మెయింటెనెన్స్ కోసం. 18 నెలలకు రెండూ కలిపి వడ్డీ కాకుండానే 7.2 లక్షలవుతుంది. ఎఫ్‌డీల్లో మిగిలే 3.3 లక్షలు కలిపితే పదిన్నర లక్షలు. మధ్యలో రెండోది కట్టలేకపోయారంటే పూల్ మీ బడ్జెట్‌కు మించినదే. అది తవ్వకముందే తెలియడం మంచిది.

ఇక కాంట్రాక్టరు. సగం అడ్వాన్సు అడిగే మనిషికి పని ఇవ్వకండి. పది శాతం చాలు. తవ్వకం, ఇనుము కట్టడం అయ్యాక కొంత, కాంక్రీటు అయ్యాక కొంత ఇవ్వండి. టైల్స్ వేయకముందే వారం రోజులు నీళ్ళు నింపి పరీక్షించాలి. అది నెగ్గాకే తర్వాతి విడత. చివరి పది శాతం ఒక వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకోండి. నీళ్ళు తగ్గుతున్నాయని ఫోన్ చేస్తే "ఎండకు ఆవిరవుతోంది మేడమ్" అంటారు. అప్పుడు ఒక బకెట్ నిండా నీళ్ళు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, బకెట్‌లోనూ పూల్‌లోనూ నీటి మట్టం గుర్తు పెట్టండి. ఒక రోజు మోటారు ఆపి చూడండి. రెండూ ఒకేలా తగ్గితే ఎండే. పూల్‌లో ఎక్కువ తగ్గితే లీకేజీ.

ఆయన రెండు వేసవుల క్రితం కట్టిన పూల్ చూపించమనండి. ఆ ఇంటివాళ్ళతో ఆయన పక్కన లేనప్పుడు మాట్లాడండి. మేస్త్రీలు సొంతవాళ్ళా, పని ఇంకొకరికి అప్పగిస్తాడా అన్నది కనుక్కోండి. ఒప్పందంలో నీళ్ళు నిలిపే కాంక్రీటుకు ఐఎస్ 3370 అనే భారతీయ ప్రమాణం ప్రకారం కడతానని రాయించండి. జీఎస్టీ నంబరు లేనివాళ్ళు జీఎస్టీ వసూలు చేయకూడదు. కాబట్టి ఆ నంబరును పోర్టల్‌లో సరిచూసుకోండి. డబ్బంతా బ్యాంకు ద్వారానే ఇచ్చి బిల్లులు దాచండి. రేపు ఇల్లు అమ్మితే మూలధన లాభం లెక్కలో ఈ ఖర్చు కలుపుకోవచ్చు. బిల్లు లేకపోతే అదీ పోయినట్టే.

కంచె గురించి బేరమే లేదు. ఆరేళ్ళ బాబున్న ఇంట్లో నాలుగు వైపులా ఎక్కడానికి వీల్లేని కంచె, దానంతటదే మూసుకునే గేటు లేకుండా ఒక్క చుక్క నీరు నింపొద్దు. మోటారుకు, లైట్లకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ పెట్టించండి, నీటిలోని లైట్లు 12 వోల్టులవే ఉండాలి. డబ్బు చాలకపోతే పూల్ పొడవు తగ్గించండి, వీటిలో మాత్రం ఏదీ తగ్గించకండి. ఇంకో మాట, వానాకాలంలో శుభ్రం చేస్తామని ఎవరైనా పూల్ మొత్తం ఖాళీ చేయబోతే ఆపండి. భూగర్భ జలం పైకి ఉన్నప్పుడు ఖాళీ తొట్టిని కింది నుంచి నీళ్ళు ఎత్తేసి పగులు తెప్పిస్తాయి.

పని చెడగొట్టి బాగుచేయనంటే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పండి. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళొచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు ఫిర్యాదు చేయాలి. సంతకాలున్న ఒప్పందం, బ్యాంకు చెల్లింపుల వివరాలు, ఫొటోలు అక్కడ మీకు పనికొస్తాయి.